ప్రభ మోసేవాడికి ప్రభ కనపడదండి

భీమవరం నుంచి ఒకబ్బాయి అడిగారు. అక్టోబరులో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని డోర్ట్‌ముండ్ వెళ్తున్నారట. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ పిచ్చి మామూలుగా ఉండదని విన్నారట, తనకేమో ఆటలో ఓనమాలు రావట. స్టేడియంకి వెళ్తే మనలాంటివాళ్ళకి ఏమన్నా ఇబ్బందా, ఏ జట్టు వైపు ఉండాలి, టిక్కెట్లు ఎలా దొరుకుతాయి, ఇవీ ఆయన సందేహాలు.

వయసు లెక్కన మిమ్మల్ని నువ్వు అనొచ్చు గానీ మాది అంబాజీపేట పక్క పల్లెటూరు, నోరు తిరగదు. 2011లో నేనూ అదే ఊరికి, అదే పనిమీద వెళ్ళాను. రెండేళ్ళు చదువు, మూడేళ్ళు ఉద్యోగం, ఆ తర్వాత కొబ్బరిపీచు వ్యాపారానికి ఇంటికొచ్చేశాను. వెళ్ళేటప్పుడు నా సందేహాలన్నీ ప్రెషర్ కుక్కర్ చుట్టూ, బ్యాంకులో చూపించాల్సిన డబ్బు చుట్టూ తిరిగాయి తప్ప ఫుట్‌బాల్ అనేది తలపుకే రాలేదు. మీరు ముందే అడుగుతున్నారు, నాకన్నా నయం.

ఆట తెలీదని బెంగ పెట్టుకోకండి. ఆఫ్‌సైడ్ అనే రూలు ఏంటో నాకు అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది, ఇప్పటికీ గట్టిగా నిలదీస్తే తడబడతాను. అభిమానం అంటే ఏంటో మాత్రం భీమవరం వాళ్ళకి ఒకరు నేర్పాలా? తెల్లవారుజామున బెనిఫిట్ షో, థియేటర్ ముందు గోడ కనపడకుండా ఫ్లెక్సీలు, కటౌట్‌కి పాలాభిషేకం, హీరో తెర మీదకి రాగానే కాగితం ముక్కల వాన, ఆపైన పావుగంట దాకా ఒక్క డైలాగూ వినపడకపోవడం. ఇవన్నీ చూసినవాణ్ణి, డోర్ట్‌ముండ్ గోల నాకేం కొత్తలే అనుకున్నాను. అందులో సగం తప్పని తర్వాత తెలిసింది. మన దగ్గర సినిమా ఆడకపోయినా వారం తిరక్కుండా కలెక్షన్ల పోస్టరు వేసుకుని మీసం తిప్పుకోవచ్చు. అక్కడ ఆ వెసులుబాటు లేదు. 2017 నవంబరులో డోర్ట్‌ముండ్ సొంతగడ్డ మీద, పక్క ఊరి జట్టు మీద, పాతిక నిమిషాలకే నాలుగు గోల్స్ కొట్టేసి, ఆఖరికి 4-4తో ఇంటికి పోయింది. దానికి ఏ పోస్టరు వేస్తారు చెప్పండి?

దగ్గర పోలిక కావాలంటే కనుమ నాడు మా జగ్గన్నతోట రావాలి. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. మా అమ్మమ్మగారిది గంగలకుర్రు. ఆ ఊరి ప్రభా, అగ్రహారం ప్రభా కౌశిక కాలవ దాటి రావాలి. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని, పచ్చటి వరిచేలో దిగి, నీళ్ళలోకి దిగి, "అశ్శరభ శరభ" అంటూ అవతలి గట్టెక్కిస్తారు. చేను తొక్కారని రైతు పల్లెత్తు మాట అనడు. పదహారేళ్ళప్పుడు మొదటిసారి నా భుజం పెట్టనిచ్చారు. కాలవలో ఉన్నంతసేపూ నాకు కనపడింది ముందున్నవాడి వీపు, చెంబులా ఊగే ఒక గంట, అంతే. ప్రభ ఎంత బాగుందో సాయంత్రం ఒడ్డున నిలబడ్డ మా పిన్ని చెబితే తెలిసింది.

డోర్ట్‌ముండ్ స్టేడియంలో దక్షిణం వైపు గ్యాలరీ అచ్చం అదేనండి. మొత్తం స్టేడియం 81 వేల పైచిలుకు పడితే, అందులో దాదాపు పాతిక వేల మంది ఆ ఒక్క గ్యాలరీలో కుర్చీల్లేకుండా నిలబడే ఉంటారు. అమలాపురం పట్నంలో సగం జనాన్ని తెచ్చి ఒకే ఏటవాలు మెట్ల మీద నిలబెట్టినట్టు. పేరు జ్యూడ్‌ట్రిబ్యూనె. అందరూ పసుపు వేసుకుంటారు కాబట్టి టీవీలో పసుపు గోడ అంటారు. ఆట బాగా కనపడాలంటే అక్కడికి మాత్రం వెళ్ళకండి, జెండాలు అడ్డం. మొయ్యాలనుకుంటేనే వెళ్ళండి.

నేను మొదట వెళ్ళింది 2011 డిసెంబరులో. హాస్టల్లో మాతో ఒకే వంటిల్లు వాడుకునే జర్మన్ కుర్రాడు ఒకడుండేవాడు. వాళ్ళ మావయ్యకి మోకాలి ఆపరేషన్ అయి, ఆయన సీజన్ టిక్కెట్ ఖాళీగా ఉంది. "వస్తావా?" అన్నాడు. చలి బాగా ఉంది. రాజమండ్రి తాడితోటలో మా అమ్మ పట్టుబట్టి కొనిచ్చిన స్వెట్టర్ తీసి వేసుకున్నాను. ముదురు నీలం. స్టేషన్ దగ్గర ఆ కుర్రాడి తాతగారు ఎదురు చూస్తున్నారు. పెద్దాయన, డెబ్బై దాటింది, ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. నన్ను పైనుంచి కిందికి చూశారు. చెయ్యి కలపలేదు. మనవడితో ఏదో అన్నారు, వాడు తల పట్టుకున్నాడు. నాకు గుండె జారిపోయింది. తెల్లవాళ్ళతో గొడవ అంటే ఇదే కాబోలు, ఇంటికి పోదామా అనుకుంటున్నాను. ఈలోగా ఆ పెద్దాయన దగ్గరికొచ్చి, నా కోటు జిప్పు మెడ దాకా లాగేసి, తన మెడలో మఫ్లర్ తీసి నా మెడకి రెండు చుట్లు చుట్టి, స్వెట్టర్ అంచు ఎక్కడా కనపడకుండా లోపలికి కుక్కారు. చంటిపిల్లాడికి చొక్కా తొడిగినట్టే. నీలం అంటే షాల్కె రంగు. షాల్కె అంటే పక్కనున్న గెల్జెన్‌కిర్షెన్ ఊరి జట్టు. ఆ మఫ్లర్ పొగాకు వాసన, ఏదో తైలం వాసన. రెండు గంటల సేపు ఆ పెద్దాయన ఉత్త మెడతో చలిలో నిలబడ్డారు.

ఆ పేరు కూడా డోర్ట్‌ముండ్ వాళ్ళు పలకరండి. షాల్కె అనకుండా "హెర్నె-వెస్ట్" అంటారు, అంటే హెర్నె అనే మూడో ఊరికి పడమటి వైపు అని. షాల్కె వాళ్ళేమో డోర్ట్‌ముండ్‌ని "లూడెన్‌షైట్-నోర్డ్" అంటారు, ఇంకో చిన్న ఊరికి ఉత్తరం వైపు అని. మొగుడి పేరు చెప్పమంటే మా నాయనమ్మ "మీ తాత" అనేది, అది ప్రేమ. ఇదీ ఇంచుమించు అలాంటిదే, కాకపోతే తిరగేసి. రెండు ఊళ్ళ మధ్యా దూరం ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. ఒకే బొగ్గు గనుల ప్రాంతం, ఒకే యాస, ఒకే తిండి. బయటివాడికి తేడా తెలీదు. అమలాపురం వాడికీ రాజోలు వాడికీ తేడా ఏంటని హైదరాబాదు వాడు అడిగితే మనకి ఎలా ఉంటుంది?

ఆ రోజు గోలు నేను చూడలేదు. ముందు జెండా ఉంది. ఒక్కసారిగా కాళ్ళకింద కాంక్రీటు అదిరింది, పైనుంచి చల్లగా ఏదో పడింది (బీరు. గోలు పడితే చేతిలో గ్లాసులు గాల్లోకి లేస్తాయి, పాత కోటు వేసుకెళ్ళండి). నేనెవరో తెలియని ఒక లావుపాటి మనిషి నన్ను ఎత్తి దించాడు. అప్పుడు మైకులో గొంతు వినపడింది. ఆ గొంతు నోర్బెర్ట్ డికెల్‌ది. ఒకప్పుడు ఇదే జట్టుకి ఆడి, 1989 జర్మన్ కప్పు ఫైనల్లో రెండు గోల్స్ కొట్టినాయన. ఆయన గోలు కొట్టినవాడి పేరు మాత్రమే చెబుతారు, ఇంటిపేరు జనం అనాలి. "షింజీ..." అని మైకు. "కగావా!" అని స్టేడియం. మళ్ళీ షింజీ, మళ్ళీ కగావా. జపాన్ నుంచి వచ్చిన కుర్రాడి ఇంటిపేరుని వేలమంది జర్మన్లు ఒక్క గొంతుతో, అక్షరం తప్పు లేకుండా అరిచారు. నా ఇంటిపేరు అప్పటికి మూడు ఆఫీసుల్లో మూడు రకాలుగా రాశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే బీరు పడిందని చెప్పాను.

మ్యాచ్ గెలవలేదు, డ్రా అయింది. అది నాకు అరగంట తర్వాత గాని గుర్తు రాలేదు.

అక్కడి భాషలో ఒక సంగతి మీకు ముందే చెబుతాను. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్ళకి జీ, డూ ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫీసులో, బ్యాంకులో, ఇంటి ఓనరుతో అన్నిటా జీ. ఆ గ్యాలరీ మెట్లెక్కిన క్షణం నుంచి అందరూ డూ. లాయరైనా, లారీ డ్రైవరైనా, మొహం తెలియనివాడైనా. ఆ తాతగారు నన్నూ డూ అనమన్నారు. గోదావరి వాడు డెబ్బై ఏళ్ళ మనిషిని నువ్వు అనగలడా? మూడు మ్యాచ్‌ల దాకా జీ అంటూనే ఉన్నాను. నాలుగోసారి ఆయన పలకడం మానేశారు. చెవుడు వచ్చినట్టు నటిస్తూ ఆట చూస్తున్నారు. గత్యంతరం లేక డూ అన్నాను. వెంటనే తిరిగి, "ఆఁ, చెప్పు" అన్నారు. మన వైపు ఫలానా హీరో అభిమాని అంటే ఏ వీధి కుర్రాడో ఊహించుకోవచ్చు, అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ ఐదేళ్ళలో ఆ మెట్ల మీద నన్ను అలాంటి ఆరా తీసినవాడు లేడు. నిలబడ్డ చోటే నా చిరునామా.

గ్యాలరీ ముందు భాగంలో కంచె దగ్గర ఎత్తున ఒక మనిషి మెగాఫోన్ పట్టుకుని నిలబడతాడు. కాపో అంటారు. తొంభై నిమిషాలూ ఆటకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి పాటలు ఎత్తుకుంటాడు. గోలు పడిందని జనం మొహాలు చూసి తెలుసుకుంటాడు. ప్రభ ముందు వెనక్కి నడుస్తూ కేక పెట్టే మనిషి ఉంటాడే, అదే ఉద్యోగం. వాడి చుట్టూ ఉండేవాళ్ళని అల్ట్రాలు అంటారు. వాళ్ళ మధ్యకి మొదటి రోజే దూరకండి, ఫోన్ పైకెత్తి వీడియోలు అసలు తియ్యకండి. మొహాలు ఫొటోల్లో పడడం వాళ్ళకి ఇష్టముండదు, పైగా రెండు చేతులూ చప్పట్లకి కావాలి. పాటలు నాలుగైదు నేర్చుకు వెళ్ళండి. మాటలు రాకపోతే రాగం తియ్యండి, భజనలో వెనక వరసలో కూర్చున్నట్టు.

ఇక ఏ జట్టు అన్నారు. ఇంటర్ చదివేటప్పుడు టీవీలో చూసి బార్సిలోనా, మాంచెస్టర్ అని మనసులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు మనలో చాలామంది. అవి ఇంట్లో కూర్చుని చూసుకోండి, తప్పు లేదు. వెళ్ళిన ఊళ్ళో మాత్రం ఆ ఊరి జట్టే. గెలిచే జట్టని మ్యూనిక్ వాళ్ళని పట్టుకుంటే డోర్ట్‌ముండ్‌లో మీతో కాఫీ తాగేవాడు కూడా మిగలడు. ఆ ఊరికీ జట్టుకీ ఉన్న ముడి అలాంటిది. 1909 డిసెంబరు 19న బోర్జిగ్‌ప్లాట్స్ అనే కూడలి దగ్గర ఒక సారాకొట్టులో చర్చి కుర్రాళ్ళు పెట్టుకున్న క్లబ్బు అది. ఆదివారం బంతాట ఏంటని చర్చి ఫాదర్ గదమాయిస్తే, ఆయన మీద అలిగి పెట్టారు. చుట్టూ ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ళు. ఇప్పుడు అక్కడ ఆ కొలుములు లేవు, విప్పి ఓడల్లో చైనాకి పంపేశారు. ఫీనిక్స్ అనే ఫ్యాక్టరీ ఉన్న చోట తవ్వి నీళ్ళు నింపి చెరువు చేశారు, చుట్టూ ఖరీదైన ఇళ్ళు. తాతగారు ఒకసారి నన్ను ఆ గట్టు మీదకి తీసుకెళ్ళి చేత్తో చూపిస్తూ, "ఇక్కడ గేటు, అక్కడ కొలిమి, అదిగో ఆ బాతు ఉన్నచోట మా క్యాంటీన్" అన్నారు. శనివారం మధ్యాహ్నం మూడున్నరకి ఆయన పోవడానికి మిగిలిన చోటు స్టేడియం ఒక్కటే.

మీరు వెళ్ళాక ఎవరో ఒకరు యాభై ప్లస్ ఒకటి అనే రూలు గురించి గంటసేపు వాయిస్తారు. నేను క్లుప్తంగా చెబుతాను. మన ఊళ్ళో సహకార సంఘం ఉంటుంది చూడండి, సభ్యుడికి ఓటు ఉంటుంది, ఎంత డబ్బున్నవాడైనా సంఘాన్ని కొనెయ్యలేడు. 1998లో జర్మన్ క్లబ్బులు తమ ఆట విభాగాన్ని కంపెనీగా మార్చుకోవచ్చన్నారు, అయితే ఓట్లలో సగానికి పైన ఒకటి సభ్యుల సంఘం చేతిలో ఉండి తీరాలని షరతు పెట్టారు. లెవర్‌కూజెన్, వోల్ఫ్స్‌బుర్గ్ జట్ల లాంటి మినహాయింపులు ఉన్నాయి. డోర్ట్‌ముండ్ షేర్లు స్టాక్ మార్కెట్లో అమ్ముడుపోతాయి, అయినా పెత్తనం సంఘానిదే. 2005లో అప్పులపాలై మునిగిపోబోయింది కూడా, సంఘం అంటే అన్నీ సవ్యంగా ఉంటాయని కాదు. కానీ ఓటుందన్న ధీమా మనిషిని ఎలా నిలబెడుతుందో నేను ఒక రాత్రి చూశాను.

2012 నవంబరు 27, డ్యూసెల్డోర్ఫ్‌తో మ్యాచ్. స్టేడియంలలో తనిఖీలు, ఆంక్షలు పెంచుతూ లీగు వాళ్ళు ఒక కాగితం తయారు చేశారు, అభిమానుల్ని సరిగ్గా అడగలేదు. దాని మీద ఓటింగు డిసెంబరు 12న. అందుకని దేశమంతా అభిమానులు ఒక మాట అనుకున్నారు: మొదటి 12 నిమిషాల 12 సెకన్లు ఎవరూ నోరు విప్పకూడదు. జర్మన్‌లో గొంతుకీ ఓటుకీ ఒకటే మాట, ష్టిమ్మె. గొంతు లేకపోతే సందడి లేదని వాళ్ళ నినాదం. నాకు ముందు చెప్పారు గానీ నమ్మలేదు. పాతిక వేల మంది చెబితే ఆగుతారా? మన దగ్గర మౌనం పాటించండి అంటే రెండు నిమిషాల్లో నలుగురు దగ్గుతారు, ఒకడి ఫోను మోగుతుంది.

ఆట మొదలైంది. ఈల వినపడింది. ఆపైన నేనెప్పుడూ ఆ చోట వినని చప్పుళ్ళు. బంతిని తన్నితే తడి గుడ్డ బండకేసి కొట్టినట్టు శబ్దం. గోల్‌కీపరు తన వాళ్ళని పేరు పెట్టి అరవడం. ఎక్కడో పై వరసలో ఒక చిన్నపిల్ల ఏదో అడిగింది, వాళ్ళ నాన్న "ష్" అన్నాడు, ఆ "ష్" కూడా వినపడింది. తాతగారు గడియారం చూసుకుంటున్నారు, పెదాలు బిగించి. నాకు ఒళ్ళు జలదరించింది. గోదారి ఉప్పొంగేటప్పటి హోరు మనకి అలవాటే గానీ, వరద తీసిన తెల్లారి లంకలో ఉండే నిశ్శబ్దం వేరు. అది గుర్తొచ్చింది. 12 నిమిషాలు దాటి గడియారంలో ఆ పన్నెండో సెకను పడగానే, కాపో చెయ్యి ఎత్తకముందే, గోడ మొత్తం విరుచుకు పడింది. ఆ క్షణంలో ఆటగాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారేమో అనిపించింది. డిసెంబరు 12న ఆ కాగితం నెగ్గింది లెండి. అయినా వాళ్ళు మానలేదు. లీగు వాటాలు పెట్టుబడిదారుడికి అమ్మబోతే మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి విసిరి ఆటలు ఆపించి, 2024 ఫిబ్రవరిలో ఆ బేరం రద్దు చేయించారు. మన హీరో రేపు ఎంత చెత్త కథ ఒప్పుకున్నా మనం చెయ్యగలిగింది ట్విట్టర్లో ఏడవడమే కదా.

క్షేమం సంగతి దాచకుండా చెబుతాను. జనం తొక్కిడి ఏం చేస్తుందో గోదావరి వాళ్ళకి తెలుసు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో ఏం జరిగిందో మన ఇళ్ళల్లో ఇంకా మాట్లాడుకుంటాం. ఫుట్‌బాల్‌కీ అలాంటి రోజు ఉంది: 1989 ఏప్రిల్ 15, ఇంగ్లండులో హిల్స్‌బరో, 97 మంది ప్రాణాలు. దాని తర్వాత అక్కడి పెద్ద స్టేడియాల్లో నిలబడే గ్యాలరీలన్నీ తీసేసి కుర్చీలు వేశారు. జర్మనీ వాళ్ళు నిలబడే చోట్లు ఉంచుకుని, గేట్ల దగ్గర లెక్క కట్టి పంపడం, మెట్ల మధ్య నడుమెత్తు ఇనుప కడ్డీలు పాతడం చేశారు. అల విరిచే కడ్డీలు అని వాటి పేరు. మీరు వెళ్ళగానే చెయ్యాల్సిన మొదటి పని, అలాంటి కడ్డీకి వీపు ఆనించి నిలబడడం. వెనకనుంచి తోపు వస్తే అది కడ్డీ మీద ఆగుతుంది, మీ మీద పడదు. కడ్డీకి ఇవతల, పొట్ట ఆనించి నిలబడితే ఆ తోపంతా మీదే. ఇది నాకు తాతగారు మొదటి రోజే నేర్పారు, భుజాలు పట్టి తిప్పి మరీ.

రంగు సంగతి. గ్యాలరీలో నాకు ఎప్పుడూ మాట పడలేదు. రాత్రి రైల్లో ఒకసారి పడింది, తాగినవాడు. పక్కనున్న పసుపు చొక్కా ఆవిడ నాకన్నా ముందు లేచి వాణ్ణి కడిగిపారేసింది. కానీ ప్రతిసారీ ఆవిడ ఉండదు. ఓడిన రాత్రి ఆఖరి రైలు ఎక్కకండి, ఒక రైలు ముందో, ఒక గంట ఆగో బయల్దేరండి. ఎదుటి జట్టు వాళ్ళతో కిక్కిరిసిన పెట్టెలోకి ఎక్కకండి. పోలీసులు వరసగా నిలబడి ఉంటే కుతూహలంతో అటు పోకండి. షాల్కెతో మ్యాచ్ రోజు పరాయి ఊళ్ళో పసుపు మఫ్లర్ సంచిలో పెట్టుకోండి, పౌరుషానికి పోవద్దు. బాంబుల్లా వెలిగే ఎర్ర మంటలు ఎవరన్నా ముట్టిస్తే రెండు మెట్లు పక్కకి జరగండి, అది నేరం కూడాను, విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ గొడవ అక్కర్లేదు.

టిక్కెట్లు కష్టమే. దక్షిణం గ్యాలరీ సీజన్ టిక్కెట్లు ఇంట్లో నగల్లా తరం మారుతుంటాయి. క్లబ్బు సభ్యత్వం తీసుకుంటే అమ్మకంలో ముందు అవకాశం ఉంటుంది, రాలేనివాళ్ళు తిరిగి అమ్మే చోటు క్లబ్బు సైట్లోనే ఉంది, అక్కడే కొనండి. వీధిలో బ్లాకులో వద్దు. ఈలోగా ఆశ చంపుకోకుండా పెద్ద స్టేడియం పక్కనే ఉన్న రోటె ఎర్డె మైదానానికి వెళ్ళండి. 1926 నాటిది. అక్కడ రెండో జట్టు ఆడుతుంది, టిక్కెట్టు దొరుకుతుంది, పక్కన నిలబడ్డ ముసలాయన మీకు ఆఫ్‌సైడ్ నేర్పుతాడు. పక్క ఊరు బోకుమ్‌లో కూడా చిన్న స్టేడియం ఒకటి ఊరి నడిబొడ్డున ఉంది, చాలా బాగుంటుంది, నేను అక్కడికి వెళ్ళానని తాతగారికి చెప్పలేదు. సంచి ఎ4 కాగితం కన్నా పెద్దది తీసుకెళ్ళకండి, గేటు దగ్గర ఆపేస్తారు. సగం ఒక జట్టు రంగు సగం ఇంకో జట్టు రంగు ఉండే మఫ్లర్లు వీధిలో అమ్ముతారు. కొనకండి. రెండు కోళ్ళ మీదా పందెం కాసినవాణ్ణి బరిలో ఎలా చూస్తారో మీకు తెలుసు.

టిక్కెట్టు దొరక్కపోయినా పోయేదేం లేదు. 2013 ఏప్రిల్ 9న మాలగాతో మ్యాచ్‌కి మాకెవరికీ దొరకలేదు. యూరప్ పోటీలకి అప్పట్లో ఆ గ్యాలరీలో కుర్చీలు వేసేవారు, చోటు తగ్గిపోయేది. స్టేడియంకి కిలోమీటరు దూరంలో ఒక బార్లో నిలబడ్డాం. తొంభై నిమిషాలు అయిపోయాయి, రెండు గోల్స్ కావాలి. ఒకటి పడింది. రెండోది టీవీలో ఇంకా పడలేదు, బంతి మధ్యలోనే ఉంది, ఇంతలో తెరిచిన కిటికీలోంచి హోరు వచ్చింది. టీవీ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది కదా. గోలు కళ్ళకన్నా ముందు చెవికి చేరింది. బార్లో ఎవరూ టీవీ వైపు చూడలేదు, కిటికీ వైపు చూస్తూ గంతులేశారు.

అదే ఏప్రిల్ 23న, రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్‌కి ముందు రోజు, చిన్నప్పటినుంచి ఆ క్లబ్బులో పెరిగిన మారియో గోట్సె మ్యూనిక్ వెళ్ళిపోతున్నాడని బయటపడింది. తాతగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఆ 24న రియల్‌ని 4-1తో కొట్టారు, లెవాండోవ్‌స్కీ నాలుగూ. అయినా ఆయన నవ్వులో సగమే వచ్చింది. నెల తర్వాత ఫైనల్లో మ్యూనిక్ చేతిలోనే, 89వ నిమిషంలో గోలు తిని ఓడిపోయాం. ఓడిపోయాం అన్నాను చూశారా, అదీ సంగతి.

నేను ఇంటికొచ్చేశాక కూడా వదల్లేదు. 2023 మే 27, ఇక్కడ సాయంత్రం ఏడు. మైంట్స్ మీద గెలిస్తే పదకొండేళ్ళ తర్వాత లీగు మనది. అరుగు మీద కూర్చుని ఫోన్లో చూస్తున్నాను, మా ఆవిడ కొబ్బరి తురుముతోంది. 2-2 డ్రా. అవతల మ్యూనిక్ వాళ్ళు 89వ నిమిషంలో గోలు కొట్టి, పాయింట్లు సమానమైతే గోల్స్ తేడాతో తన్నుకుపోయారు. ఆటగాళ్ళు గడ్డి మీద కూలబడి ఏడుస్తున్నారు. కోచ్ టెర్జిచ్ ఆ గ్యాలరీ ఎదురుగా వచ్చి నిలబడి ఏడ్చాడు. గ్యాలరీ ఖాళీ అవలేదు. పాడుతూనే ఉన్నారు. "ఓడిపోయారు కదా, ఎందుకు పాడుతున్నారు?" అంది మా ఆవిడ. ఆ జనంలో ఎక్కడో మా హాస్టల్ జర్మన్ కుర్రాడు వాళ్ళ తాతగారి చోట నిలబడి ఉన్నాడు. అప్పటికి ఏడాది కిందట ఆ చోటు వాడికి వచ్చింది.

ఆ కుర్రాడు 2018 సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. ఆత్రేయపురం పూతరేకు చేతిలో పెడితే కాగితం ఎక్కడ విప్పాలని వెతుక్కున్నాడు. కనుమ నాడు జగ్గన్నతోట తీసుకెళ్ళాను. ఎంత వద్దన్నా వినకుండా ప్యాంటు మడిచి చేలో దిగి, మా మావయ్యల పక్కన భుజం పెట్టాడు. గట్టెక్కాక చూస్తే భుజం మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా కమిలింది. బురద కాళ్ళతో అక్కడే తోటలోంచి తాతగారికి వీడియో కాల్ చేశాడు. వెనకాల గంటలు, డప్పులు, ప్రభల వరస.

"ఎన్ని ఊళ్ళు?" అన్నారు ఆయన. పదకొండు అన్నాను. పదకొండు అనగానే ముందుకి వంగి, కళ్ళజోడు పెట్టుకున్నారు.

"మరి ఎదుటి జట్టు?"

ఎదుటి జట్టు లేదు, అందరూ ఒకే తోటకి వస్తారు, సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్ళు పోతారని చెప్పాను. ఆయన కాసేపు ఆ డప్పులు విని, మొహం అనుమానంగా పెట్టి అడిగారు:

"ఎదుటి జట్టే లేకపోతే, మరి అంత అరుస్తున్నది ఎవరి మీద?"